మునిలక్ష్మమ్మ చెప్పిన సాక్ష్యం

దేవుడు మన్నించిన తప్పును, దాని బరువు మోసిన మనిషితో కూడా చెప్పుకోవాలా? చెప్పుకుంటే ఆ మనిషికి మేలు చేసినట్టా, రెండోసారి దెబ్బ కొట్టినట్టా? గూళూరు మునిలక్ష్మమ్మను తలుచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురొచ్చి నిలబడుతుంది. ఇన్నాళ్ళయినా జవాబు దొరకలేదు.

మొగుడు పోయిన ఏడాది ఆమె బాగేపల్లి చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. బాప్తిస్మం తీసుకున్నా పేరు మార్చుకోలేదు; మొగుడు పోయినప్పుడు కూడా తీయని బొట్టు మాత్రం తీసేసింది. "బొట్టు లేని మునిలక్ష్మి యాడన్నా ఉంటాదామ్మా" అని ఊళ్ళో ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, "గూళూరులో ఉండాది గదా, బాగా చూసుకోండి" అనేది. కూతురు ప్రతిమను చిక్కబళ్ళాపురంలో ఇచ్చింది. కొడుకు నాగేశ్‌తో కలిసి రెండెకరాల్లో టమాటా పెట్టేది.

నీళ్ళు పక్క చేను బయ్యప్పతో పొత్తు. రెండు ఇళ్ళకూ కలిపి ఒకటే బోరు. బోరు ఆమె చేను చివర ఉంటే, మోటారు స్టార్టరు పెట్టె బయ్యప్ప షెడ్డులో ఉండేది. ఒకచోట నిలబడితే రెండోది కనిపించదు. అక్కడ చేలకు మూడు ఫేజుల కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. దానికోసం కాపలా కాయలేక అందరూ స్టార్టరును ఆటోలో పెట్టి ఉంచుతారు; కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరుగుతుంది. పెట్టె ఆపి ఉన్నట్టు కనిపిస్తే, ఎవరో మరిచిపోయారనుకుని ఆటోలోకి తిప్పడం వాళ్ళకు చెప్పులు విడిచి ఇంట్లోకి పోయినంత అలవాటు.

నాలుగేళ్ళ కిందట ఒక బుధవారం పొద్దున నాగేశ్ పెట్టె ఆపేసి, ఎలుకలు కొరికిన వైరుకు అతుకు వేయడానికి బోరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడినుంచి తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, బయ్యప్ప మామ ఫోన్ ఎత్తడంలే. అట్ల వస్తే ఆటోలో పెట్టొద్దని చెప్పు. నేను వైరు పట్టుకోనుండా."

"చెప్తా లేరా" అంది.

ఆమె ఇంటి ముందు కూర్చుని, చింతామణి మార్కెట్టుకు పోవలసిన టమాటాలు ఏరి బాక్సుల్లో సర్దుతోంది. కాసేపటికి బయ్యప్ప బైకు మీద వచ్చి ఆమె ముందరే ఆగాడు.

"బండి ఎన్నింటికంటక్కా?"

"పదింటికంట. నీవి అయినాయా అప్పా?"

"అయినాయి. నా బాక్సులకూ రవ్వంత చోటు పెట్టించు. నీ కాయ పక్కన నా కాయను ఎవురూ చూడరు, అడుగున ఏసేయమను."

ఆమె నవ్వింది. అతను షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. చెప్పాల్సిన మాట ఆమెకు గుర్తొచ్చింది పావుగంట తరువాత. అప్పటికే కరెంటు వచ్చింది.

నాగేశ్ శవం ముందు బయ్యప్ప ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "నా చేత్తో తిప్పినానక్కా, నా చేత్తోనే" అంటూ తల నేలకేసి కొట్టుకున్నాడు. నేనే చెప్పలేదప్పా అనడానికే ఆమె అతన్ని లేవనెత్తింది. చుట్టూ ఊరంతా ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "నిన్ను క్షమించినా, లెయ్యప్పా."

ఆ మాట ఆమెకంటే ముందు బాగేపల్లి చేరింది. కొడుకును పోగొట్టిన వాణ్ణి చేయిపట్టి లేపిన తల్లి అని చర్చిలో ఆమె చేత సాక్ష్యం చెప్పించారు. విన్నవాళ్ళు ఏడ్చారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు గనక అబద్ధం చెప్పవలసిన అవసరం రాలేదు. అందరూ కలిసి చేసే ప్రార్థనలో, తోటివాళ్ళను మన్నించే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె పెదవులు కదిలేవి కావు.

దేవుణ్ణి అడగకపోలేదు. ఏడాదిపాటు మోకాళ్ళ మీద అడిగింది. ఒక ఆదివారం గుండె తేలికైంది, మన్నించాడనే నమ్మింది. కానీ ఇంటికొస్తే బయ్యప్ప కనిపించేవాడు. తన మడులు ఎండగట్టుకుని ఆమె చేనుకు నీళ్ళు కట్టేవాడు. నాగేశ్ పోయిన రోజునుంచీ అతను కుడిచేత్తో అన్నం తినడం మానేశాడు. పదిమందిలో ఎడమచేత్తో తినలేక పెళ్ళి పిలుపులకు కూడా పోయేవాడు కాదు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం ఆమె వెంట బస్సెక్కాడు. "నీకి ఇంత మనసు ఇచ్చిన దేవుడు నాకీ కావాలక్కా" అన్నాడు. నాలుగు నెలలు వెనక బెంచీలో కూర్చున్నాడు. బాప్తిస్మానికి తేదీ కూడా పెట్టారు.

అప్పుడు ఆమె పాస్టరయ్య దగ్గర అంతా చెప్పేసింది. "దేవుడు మన్నించినాడు గదమ్మా. కొత్తగా వచ్చిన మనిషి, తట్టుకోలేడు. ఇంక తవ్వొద్దు" అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. కానీ బయ్యప్ప బాప్తిస్మపు నీళ్ళలోకి దిగబోతున్నది ఆమె మాటను నమ్మి.

శుక్రవారం ఆమె అతని చేలోకి వెళ్ళింది. టమాటా మొక్కలను కట్టెలకు కడుతున్నాడు. నిలబడే చెప్పింది. అతను పురికొస కింద పెట్టాడు.

"ఫోన్ చేసినాడా?"

"చేసినాడు."

"నేను నీ ముందరనే పోతి గదక్కా."

"పోతివి. బండి గురించి మాట్లాడితి, అది చెప్పలేదు."

అతను తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. గట్టు దాటి వెళ్ళిపోయాడు. ఆదివారం బాప్తిస్మానికి రాలేదు.

మంగళవారం సాయంత్రం వచ్చి ఆమె గడప ముందు కూర్చున్నాడు.

"పిల్లోడు ఫోన్లో ఇంగేమన్నా మాట్లాడినాడా?"

"సంగటిలోకి ఏమి చేస్తాండావమ్మా అన్నాడు."

"ఏమి చెప్తివి?"

"అనపకాయల పులుసు అంటిని."

"అదంటే పాణం వానికి" అని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె గడప ఇవతల కూర్చుని ఏడ్చింది. నన్ను మన్నించినావా అప్పా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. అడిగితే అతను ఔననేవాడేమో. జాలిపడో, ఏమనాలో తోచకో మనిషి ఆ మాట ఎంత తేలిగ్గా అనేయగలడో ఆమెకు తెలుసు. అడగలేదు. చీకటి పడేలోగా అతను లేచి వెళ్ళాడు.

ఇక్కడే ఉంటే ఏదో ఒకరోజు ఆ మాట అడిగేస్తాననిపించింది ఆమెకు. కూతురు ప్రతిమ ఎప్పట్నుంచో రమ్మంటోంది. గురువారం పొద్దున మునిలక్ష్మమ్మ నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని, ఇంటికి తాళం వేసి బస్టాపుకు నడిచింది. బాగేపల్లి మీదుగా చిక్కబళ్ళాపురం పోయే బస్సు వచ్చి ఆగింది. ఎదురుగా టీ హోటలు బెంచీ మీద ఉన్న బయ్యప్ప సంచిని చూసి లేచి నిలబడ్డాడు.

"యాడికక్కా?"

ఇంజను చప్పుడులో వినబడనట్టు ఆమె మెట్టెక్కింది. అవతలివైపు సీటు చూసుకుని కూర్చుంది. కండక్టరు ఈల వేశాడు.