గడ్డివాము కింద పీపాలు

మొన్న బాపట్ల బస్టాండులో ఆగి ఉన్న బస్సు ఒక్కసారి పొగ వదిలింది. ఆ డీజిలు వాసనకి నా తల దానంతటదే వంగిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే సిగ్గేస్తుంది. వెంటనే తెనాలి మాస్టారు గుర్తొస్తారు.

శేషగిరిరావు మాస్టారు కాలేజీలో నాకు అర్థశాస్త్రం చెప్పారు. నేనూ బాపట్లలో అదే పాఠం చెప్పే లెక్చరరునయ్యాక కూడా ఆదివారాలు తెనాలిలో ఆయన ఇంటికి వెళ్ళేవాణ్ణి. రేడియోలో వార్తలయితే గానీ కాఫీ ముట్టేవారు కాదు. వినేది ఎక్కడెక్కడి దేశాల సంగతి, ఆలోచించేది మన పొలాల సంగతి. డెబ్భై మూడులో అరబ్బు దేశాల్లో యుద్ధం మొదలైన వారం రేడియో కట్టేసి నావైపు తిరిగారు.

“ముడి నూనె రేటు పెరుగుతుందయ్యా. మన రూపాయి ఇంగ్లీషు పౌనుకి కట్టేసిన దూడ, అది దిగితే ఇదీ దిగుతుంది. ఉన్న డాలర్లన్నీ నూనెకే పోతే డీజిలు దొరకదు. మీ ఊరిది కాలవ చివర కదా, అందరికీ చెప్పు. ముందే తెచ్చుకోమను.”

చెరుకుపల్లి దగ్గర మా ఊళ్ళో రెండో పంట, దాళ్వా, పండాలంటే మురుగు కాలవ నీళ్ళు ఇంజనుతో తోడాలి. ఇంజను ఎవరిదైనా పక్క చేలకి వంతు ఇచ్చి తీరాల్సిందే, డీజిలు మాత్రం ఎవరి వంతుకి వాళ్ళు తెచ్చుకోవాలి. అదీ మా ఊరి కట్టుబాటు.

మాస్టారి మాట నేను మా నాన్న ఒక్కడికే చెప్పాను. అందరికీ తెలిస్తే మాకు చాలదేమోనని భయం. అంతకన్నా, నాకే తెలుసన్న గర్వం. రేపల్లె నుంచి నాలుగు పీపాల డీజిలు తెప్పించి గడ్డివాము కింద దాచాం. వరి పొట్ట మీదికొచ్చే వేళకి రేపల్లెలో డీజిలు కోసం మనుషులు రోజంతా నిలబడి ఖాళీ డబ్బాలతో తిరిగొస్తున్నారు. పక్క చేను సుబ్బమ్మత్తది, భర్త పోయాక ఆ ఎకరంన్నరే ఆవిడకి ఆధారం. వంతు వచ్చింది, మా ఇంజను గట్టుమీదే ఉంది, పోయడానికి డీజిలు లేదు. చేను నెర్రెలిచ్చింది. మాది పచ్చగా ఉంది.

పంటలెలా ఉన్నాయో చూద్దామని మాస్టారు బస్సెక్కి వచ్చారు. గట్టు మీద సుబ్బమ్మత్తని చూసి, ముందే తెచ్చుకోలేదేమ్మా అని అడిగారు.

“మాకెవరు చెప్పారండి? తెలిసుంటే గేదెనమ్మయినా తెచ్చుకునేదాన్ని.”

ఆయన మా చేను వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

“నేనే వచ్చి చెప్పాల్సిందమ్మా. పొరపాటు నాదే,” అన్నారు.

అప్పటికీ వాము కింద రెండు పీపాలు నిండుగా ఉన్నాయి. నేను నోరు తెరిస్తే ఆ చేను బతికేది. ఛీ, తెరవలేదు. ఆ చేలో గింజ రాలలేదు. అప్పుల కింద గేదె ఎలాగూ పోయింది, మరుసటి ఏడు చేనూ పోయింది.

ఆదివారాలు తెనాలి వెళ్ళడం మానలేదు. మాస్టారు కాఫీ ఇప్పించేవారు, ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు. వార్తలు ఇద్దరం కలిసే వినేవాళ్ళం. అయ్యాక రేడియో కట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. రాబోయే దాని గురించి మళ్ళీ ఎన్నడూ నాతో ఒక్క ముక్క అనలేదు.

రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ క్లాసులో నూనె పాఠం చెప్పాను, రూపాయిని దూడతో పోల్చే చెప్పాను. ఇలాంటివి ముందే తెలుస్తాయా సార్ అని ఎవరో ఒకరు అడిగేవారు. తెలుస్తాయి అనేవాణ్ణి. తెలిసినవాడు ఏం చేశాడో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. వినాల్సిన ఇద్దరూ లేరు.