నీళ్లలో వేసిన తాబేలు గుడ్లు

ఇట్ట కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే చేసుకుంటానే వినండి, నాకేం కోపం లేదు. నేను చదివింది మూడో తరగతి. అయినా చూసింది మర్చిపోయే మనిషిని కాదు. ఈ రోజు చెప్పేది మాత్రం మర్చిపోతే బాగుండు అనుకున్న సంగతి.

నా పుట్టిల్లు చిల్లకూరు పక్కన, వరి పండే ఊరు. పెళ్లయి కోట టౌనుకు అవతల సముద్రం ఒడ్డుకొచ్చినా. ఇక్కడి హైస్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది నేనే. మా సైన్సు సారు ఊరికే కూర్చునే రకం కాదు. పాత బెంచీలు పడేసిన గదిని పిల్లలతో కడిగించి, దాంట్లో గవ్వలు, పక్షుల ఈకలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ ఎముక పెట్టించి, గోడ మీద ‘ప్రకృతి కేంద్రం’ అని రాయించినాడు. అటవీశాఖ వాళ్ల దగ్గర అనుమతి తెచ్చి, గది వెనక ఒడ్డు ఇసక పోయించినాడు. కుక్కలు తవ్వి తినకుండా సముద్రం తాబేలు గుడ్లు తెచ్చి పూడ్చేది అక్కడే. చుట్టూ కట్టిన పాత వలలు ఊరోళ్లిచ్చినవే.

గుడ్లు తెచ్చే పని ఒక పెద్దాయనది. మోకాళ్లు చెడి వేటకు పోవడం మానుకున్నాడు. పడవెక్కని మొగోడికి మా ఊళ్లో విలువెంతో మీకు చెప్పక్కర్లా. కానీ తాబేలు పాకిన జాడ చూసి, గుడ్లు ఎక్కడ పెట్టిందో వేలు పెట్టి చూపించగలిగింది ఆయనొక్కడే. ఆ పనొచ్చినాక మళ్లీ తలెత్తుకుని తిరుగుతుండాడు. తిరిగి పోయేటప్పుడు నా తావ ఆగి గ్లాసు మజ్జిగ తాగుతా, “ఏం మే, ఈ రోజన్నా సాంబారులో పప్పు వేసినావా, నీళ్లేనా?” అనేవాడు. “నువ్వు తాగేది మజ్జిగే గదా పెదనాయనా, నీకెందుకు” అనేదాన్ని.

మాఘమాసంలో ఒక పొద్దున, ఆ ఏటికి మొదటి గంప తెచ్చినాడు. సారు మీటింగని కోటకు పోయుండాడు.

“సారొచ్చిందాకా నీడలో పెట్టు మే. ఇంకో జాడ కనబడింది, అల వచ్చి చెరిపేసే లోపల పోవాల” అని వెనక్కి మళ్లినాడు. ఆయన పోయేసరికే అల ఆ జాడ చెరిపేసిందంట.

గంపలో ఇసక, ఇసకలో గుడ్లు. తెల్లగా, గుండ్రంగా, వేలితో నొక్కితే లొట్టపడేటట్టు మెత్తగా ఉన్నాయి. వంటకు రోజూ నాకు కోడిగుడ్ల అట్టలు వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు ఏ రోజూ ఉడకబెట్టను. బేసిన్లో నీళ్లు పోసి వేస్తా. మునిగింది మంచిది, తేలింది మురిగింది. ఈ గుడ్లు చూడంగానే నా చేతులు అదే పనికి పోయినాయి. మురిగింది ఒకటుంటే గుంతంతా చెడిపోదా అనుకున్నా. సారుకు సాయం చేస్తున్నా అనుకున్నా. ఒక్కొక్కటే తీసి నీళ్లలో వేసి, ఇసక పోయేటట్టు అటూ ఇటూ దొర్లించి కడిగి, పైట చెంగుతో తుడిచి, మళ్లీ గంపలో పొడి ఇసక పోసి వరసగా పేర్చినా. నా పని చూసుకుని నాకే ముచ్చటేసింది.

సారొచ్చి గంప చూసి, “బలే నీట్‌గా తెచ్చినాడే పెద్దాయన” అన్నాడు. కడిగింది నేను సారూ అని చెప్పబోయినా. పొయ్యి మీద అన్నం పొంగింది, పరిగెత్తినా. ఆయన గుడ్లు పూడ్చి, పలక మీద తారీఖు రాసి పాతినాడు.

అన్నాలయినాక గిన్నెలు తోముతున్నా. కిటికీ అవతల సారు పాఠం చెప్తుండాడు.

“కోడి తన గుడ్లను తిప్పుతా పొదుగుతుంది. తాబేలు గుడ్డు అట్ట కాదు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పై పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును దొర్లిస్తే పిల్ల చచ్చిపోతుంది. అందుకే మన పెద్దాయన ఏ వైపు పైనుంటే ఆ వైపే పైకి ఉంచి తెస్తాడు. కడగడం అసలు కూడదు.”

చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడే లేచి పోయి చెప్పుండాల్సింది. పోలేదు. వరి పండే ఊరి నుంచొచ్చిన దానికి సముద్రం సంగతేం తెలుసు అని నవ్వుతారని భయం. పిల్లల ముందర తలకొట్టేసినట్టు ఉంటుందని భయం. ఏమో, కొన్నన్నా బతికి ఉండొచ్చులే అని నాకు నేనే చెప్పుకున్నా. ఆ రోజు నుంచి పొద్దున్నే వంటగది తలుపు తీసే ముందు ఆ గుంత దగ్గరికి పోయి నిలబడేదాన్ని. లోపల పిల్లలు మెసిలి ఇసక కుంగిందా, కదిలిందా అని చూసేదాన్ని. ఇసక ఇసకలాగే ఉండేది.

రెండు వారాల తర్వాత పెద్దాయన జాడ చూపిస్తే, ఊళ్లో ఆడవాళ్లు ఆయన నేర్పినట్టే ఇంకో గంప తెచ్చినారు. అది రెండో గుంత. గుడ్డు పిల్లయ్యేది ఏడు వారాలకు, ఆ లెక్కన ముందు పిల్లలు రావాల్సింది మొదటి గుంతలోంచి. రాలేదు. ఒక తెల్లారుజామున రెండో గుంత ఇసక కుంగి, నల్లగా అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు బిలబిలమని పైకొచ్చినాయి. ఊరంతా వచ్చింది. సముద్రం దాకా బడి పిల్లలు వాటి వెంట నడిచినారు. మొదటి గుంత తావ ఎవరూ లేరు, నేనూ పెద్దాయనా తప్ప.

ఆ రోజు నుంచే మొదలయినాయి మాటలు. “ముసలాయన దారిలో గంప ఎన్ని సార్లు జారేసుకున్నాడో!” “మోకాళ్లే నిలవనోడికి గంప నిలుస్తుందా?” సారు కూడా, చెడ్డ ఉద్దేశంతో కాదు, “మోసేటప్పుడు ఏదో కుదుపు తగిలుంటుంది” అన్నాడు. “సముద్రం మీద ఒట్టు సారూ, గంప కదల్లేదు” అన్నాడు పెద్దాయన. మర్నాటి నుంచి స్కూలు వైపు రాలేదు.

ఆ వారంలోనే తల్లిదండ్రుల కమిటీ కూర్చునింది. పెద్దాయన్ని పిలిపించినారు. వరండాలో చివర నిలబడుకున్నాడు. కమిటీ పెద్ద గొంతు సవరించుకుని, “ఇక మీదట ఆయన గుడ్లు ముట్టుకోవద్దు, జాడ చూపిస్తే చాలు” అన్నాడు. పెద్దాయన కండువా దులిపి భుజానేసుకున్నాడు.

ఆ కండువా దులపడం నేను వంటగది గడప మీద నుంచి చూసినా. గడప దాటి వరండాలోకి వచ్చినా.

“ఆయన్ని అనబాకండి. ఆ గుడ్లు నేను కడిగినా.”

“ఏందీ?”

“కడిగినా. నీళ్లలో వేసి, ఏది తేలుతుందో చూసి, తుడిచి పేర్చినా. పాఠం విన్నాక తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు.”

కమిటీలో ఒకామె, “ఇంకా నయం, ఉప్పేసి ఉడకబెట్టలేదు!” అనింది. వరండా అంతా నవ్వు. నేను ఏడుస్తున్నా. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నా ముందరికొచ్చి మెల్లగా అడిగినాడు.

“ఇన్ని రోజులూ నా మొహం చూస్తానే మజ్జిగ పోసినావా మే?”

“పోసినా పెదనాయనా” అన్నా.

సారు అందరినీ తీసుకుపోయి మొదటి గుంత తవ్వినాడు. ఒక్కొక్క గుడ్డే బయటికి తీసినాడు. పసుప్పచ్చగా, లొట్టలు పడి ఉన్నాయి. ఒక్కటన్నా, ఒక్కటన్నా అని అడుగు దాకా చూస్తానే ఉన్నా. ఒక్కటీ లేదు. సారు చేతులు దులుపుకుని, “తప్పు నాది కూడా. పిల్లలకు చెప్పినా, ఊళ్లో చెప్పినా, వంటగదిలో చెప్పలేదు” అన్నాడు. కమిటీ పెద్ద పెద్దాయన భుజం మీద చెయ్యేసి, “రేపట్నుంచి మళ్లీ నువ్వే రా అన్నా” అన్నాడు.

“వస్తా. గంప మాత్రం ఈమె మోయాల” అన్నాడు పెద్దాయన, నా వైపు చూడకుండా.

మూడు రోజులకు సరుగుడు తోపు అవతల జాడ కనబడింది. ఆయన ఇసక తవ్వి, గుడ్డు పైభాగం పైనే ఉండేటట్టు ఎత్తి గంపలో పెట్టినాడు. నేనెత్తుకున్నా. స్కూలు దాకా ఇసకలో నడక. అడుగు దిగబడిన ప్రతిసారీ నా గుండె గంపలోనే ఉంది. ముందు నడుస్తా ఆయన, “చూపు గంప మీద కాదు, దారి మీద పెట్టు” అన్నాడు. గుంతలో పెట్టడం కూడా నా చేతనే చేయించినాడు. గుడ్డు ఒక పక్కకు ఒరగబోతే ఆగమన్నాడు. సరిగ్గా పట్టుకున్నాక మళ్లీ పెట్టమన్నాడు.

ఎండలు బాగా ముదిరినాక ఆ గుంతలోంచి పిల్లలొచ్చినాయి. అన్నీ కాదు, చానా. ఆయన నాతో మునుపటిలా ఎగతాళి ఆడడానికి ఇంకా చానా నాళ్లు పట్టింది. పట్టనీలే, పట్టాల్సిందే.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో ఒకరు చేసిన పొరపాటు ఇంకొకరి నెత్తిన పడకుండా ఉండాల. చెప్పుకోవాల్సిన మాట గొంతులో ఇరుక్కోకుండా ఉండాల. మీ పిల్లాజెల్లా, మీ గొడ్డూగోదా, మీ కోళ్ల గంపలో గుడ్లతో సహా, అన్నీ పచ్చగా బతకాల.