నా రక్తం విమానమెక్కింది

నేను వీపుకి పవర్ స్ప్రేయర్ తగిలించుకుని పొదిలి బజార్లో నడుస్తుంటే పంపుకి కాళ్ళొచ్చాయనుకుంటారు. అంత పొడుగు నేను. ఈ మాట ఎవరో అన్నది కాదు, నా మీద నేనే కట్టుకున్నది. ఎదుటివాడు అనేలోపు మనమే అనేస్తే వాడి చేతిలో ఇక ఏమీ మిగలదు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాక నేను నేర్చిన విద్య ఇదొక్కటే. పొలాల్లో మందు కొట్టే పంపులు బాగుచేసే కొట్టు నాది. పంపు పాడవకపోయినా రైతులు వచ్చి కూర్చునేవాళ్ళు, నా నోరు వినడానికి.

తేడా తెలిసిన రోజు బాగా గుర్తుంది. మిరపకి ముడత పట్టిన కాలం. కోటయ్య అని పక్క ఊరి రైతు, నాకు చిన్నప్పటి స్నేహితుడు, కొట్టు ముందు పంపు దించి అన్నాడు:

"ఏరా అంకయ్యా, వాషర్ మార్చమంటే వారం నుంచి తిప్పుతున్నావు. నువ్వే అరిగిపోయి వాషరంత అయ్యేట్టున్నావే!"

బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. జవాబు కోసం. నేను నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. మాట తట్టకపోవడం వేరు. ఇది అది కాదు. మాటలుండే చోటే ఖాళీ అయిపోయింది.

"అవున్రా, అరిగిపోతున్నా" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. అదొక కొత్త రకం జోకనుకున్నారు.

అప్పటి నుంచి అన్నం మట్టిలా అనిపించేది. కోడి కూయకముందే మెలకువ వచ్చేది, కాని లేవబుద్ధయ్యేది కాదు. చేతిలో స్పానర్ పట్టుకుని ఏ బోల్టు విప్పుతున్నానో మరిచిపోయేవాణ్ణి. ఒకసారి తెగించి కోటయ్యకి చెప్పాను, "నాకు బతకాలని లేదురా" అని.

"సర్లే, నా పంపు బాగుచేసి పోరా" అని నా భుజం చరిచి పోయాడు. వాణ్ణి తప్పుపట్టను. జీవితమంతా వేళాకోళమాడినవాడు నిజం చెబితే దాన్ని వేరే గొంతులో చెప్పాలి. నా దగ్గర ఉన్నది ఒకటే గొంతు.

నా భార్య పద్మ మాత్రం నవ్వలేదు. మా ఆరెంపీ గారు నీరసమని సెలైన్లు పెడుతుంటే, సీసా సగంలో ఉండగానే లేపి ఒంగోలు తీసుకెళ్ళింది. మా అమ్మ కూడా వచ్చింది. అక్కడి డాక్టరు అన్నీ అడిగి, డిప్రెషన్ అని చెప్పి, చివర్లో ఒక ప్రశ్న వేశాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా మెంటల్ ప్రాబ్లమ్ ఉందా?"

"మా ఇంటా వంటా లేదండి" అంది అమ్మ, నేను నోరు తెరిచేలోపు. నేను తెరిచినా అదే చెప్పేవాణ్ణి.

కాని ఉంది. మా అక్క, రవణమ్మ.

అది తొంభైల చివర. పత్తిలో పచ్చపురుగు ఏ మందుకీ చావని ఏళ్ళు. అక్కకి చుట్టుపక్కల వాళ్ళంతా తన గురించే మాట్లాడుకుంటున్నారనిపించేది. గుంటూరులో చూపిస్తే హాలోపెరిడాల్ మాత్రలు రాశారు. వేసుకున్న కొద్ది రోజులకే మెడ ఒక పక్కకి లాగేసింది. నాలుక మందమైంది. చేతులు కర్రల్లా బిగుసుకుపోయి, మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరో ఒకరు పట్టాల్సి వచ్చేది. "ఇది చాలా చిన్న డోసండీ, ఇంత రాకూడదే" అన్నాడు ఆ డాక్టరు. రాకూడదన్నది మా కళ్ళ ముందే వచ్చింది. మా బావ మాత్రలు తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. మేమెవరం వద్దనలేదు, ఆపేముందు డాక్టర్ని అడగలేదు. బిగుసుకుపోయిన ఒళ్ళు వదులైంది. చుట్టుపక్కల వాళ్ళ మాటలు మళ్ళీ వినపడసాగాయి. ఒక మధ్యాహ్నం అక్క మమ్మల్ని వదిలి పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రాయను. ఊరికి విషజ్వరమని చెప్పాం. చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా విషజ్వరమే అయిపోయింది.

ఒంగోలు డాక్టరు నాకు అమిట్రిప్టిలిన్ రాశాడు. మొదటి మాత్రకే ఆ రోజంతా, మర్నాడూ పడుకునే ఉన్నాను. నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కుంది. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి. తిరిగి వెళ్ళి చెబితే, "ఇది స్టార్టింగ్ డోసయ్యా. దీనికే ఇంతవుతుందా? సగం నీ భయమే" అన్నాడు. అయ్యుండొచ్చనుకున్నాను. నా ఒంటి మీద నాకే నమ్మకం పోయింది. జబ్బు చేసిన పనిలో అదీ ఒకటి.

కొన్నాళ్ళకి గుంటూరులో ఒక పెద్దాసుపత్రికి మారాం. అక్కడ పారోక్సెటిన్ ఇచ్చారు. దీనికి నిద్ర కాదు, వణుకు. చేతులు ఆగేవి కావు. ఒకచోట కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాణ్ణి. "రెండు వారాలు ఓపిక పట్టండి, ఆ తర్వాత డోసు పెంచుదాం" అన్నాడు ఆ డాక్టరు. ఈయన కూడా అదే ప్రశ్న అడిగాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. అమ్మ అదే జవాబు చెప్పింది. నేను గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. పురుగు చావకపోతే ఏం చేస్తాం? డోసు పెంచుతాం. దానికీ చావకపోతే రెండు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడతాం. నా కొట్టు ముందు బల్ల మీద రోజూ నడిచే కబుర్లు ఇవే. నేను వణుకుతూ కూర్చుంటే చూసి కోటయ్య నిజంగా నా మంచి కోరే అన్నాడు:

"ఒక్కదానికి లొంగే జబ్బు కాదురా ఇది. ఒంగోలుది కొంత, గుంటూరుది కొంత, రెండూ కలిపి కొట్టి చూడు."

నాకూ అది న్యాయంగానే తోచింది. పద్మకి చెప్పకుండా ఒంగోలు మాత్రలు మిగిలినవి వెతికి, గుంటూరు మాత్రలతో కలిపి వేసుకున్నాను. ఒక రోజు కాదు, వరుసగా. మూత్రం ఆగిపోయింది. పొట్ట బిగుసుకుపోయింది. గుండె దడదడమని కొట్టుకుంటుంటే ఆటోలో ఆసుపత్రికి తెచ్చారట. నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా అక్క నా మంచం పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమెతో ఏదో చెబుతూనే ఉన్నానట. పద్మ తర్వాత చెప్పింది, కేథటర్ పెడుతున్న నర్సుకి కూడా పేరు చెప్పి మరీ అక్కని పరిచయం చేశానని.

ఆ తర్వాత మందులన్నీ ఆపేశారు. ఒంట్లోంచి విషం దిగినట్టయింది కాని మనసు అడుగుకి చేరింది. అది చాలాకాలం. కొట్టు షట్టరు తీయలేదు. పద్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనడం కూడా బరువు. అక్కకి మందు పడలేదు, నాకూ పడటం లేదు. అక్క పోయిన దారే నాదీ అని లోపల ఖాయమైపోయింది. అందులో ఏడుపు కూడా లేదు. ఇంటి తాళం ఎక్కడుందో తెలిసినట్టు, అంత మామూలుగా తెలిసేది.

చివరికి గుంటూరు డాక్టరే చేతులెత్తేశాడు. మంచి మనిషి. "ఇంత చిన్న డోసులకి ఇంత రియాక్షన్ నేను చూడలేదండీ. హైదరాబాదులో ఒక మేడమ్ ఉన్నారు, జీన్ టెస్టుల గురించి బాగా తెలిసినావిడ. ఒకసారి కలవండి" అన్నాడు.

పద్మ నన్ను లాక్కెళ్ళినంత పని చేసింది. ఆ మేడమ్ జబ్బు గురించి కొంచెమే అడిగింది. మందుల గురించే అంతా. ఏది వేసుకున్నారు, ఎన్నాళ్ళకి ఏమైంది. ఆ తర్వాత, ఇంతవరకు ఎవరూ అడగని రకంగా అడిగింది.

"మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఏదైనా మందు పడకపోవడం జరిగిందా?"

"లేదండి" అన్నాను, అలవాటుగా.

"ఎందుకు లేదయ్యా!" అంది పద్మ. గది దద్దరిల్లింది. "మీ అక్క సంగతి చెప్పవేంది? ఇంకెన్నాళ్ళు విషజ్వరం? నువ్వు కూడా పోయాక నేను ఎవరికి విషజ్వరమని చెప్పాల?"

చెప్పాం. మెడ లాగేయడం, నాలుక, కాలవలో పారేసిన మాత్రలు, అంతా. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేడమ్ రాసుకోవడం ఆపి వింది. "ఇది ముందే తెలిసుంటే మీకు మొదట్లోనే వేరే మందు ఆలోచించేవాళ్ళు" అంది, మెల్లగా.

రక్తం తీశారు. ఆ టెస్టు అక్కడ చేయరట. ఐసు పెట్టిన డబ్బాలో పెట్టి విమానంలో వేరే ఊరి ల్యాబుకి పంపారు. నేను మాత్రం ఆర్టీసీ బస్సులో ఇంటికొచ్చాను.

రిపోర్టు వచ్చాక మళ్ళీ వెళ్ళాం. "టూ డీ సిక్స్ అని లివర్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. మీరు వాడిన మందుల్ని అరిగించి బయటికి పంపేది ప్రధానంగా అదే. మీలో అది పనిచేయదు. పూర్ మెటబలైజర్ అంటాం" అంది మేడమ్.

"అంటే నాజిల్ మూసుకుపోయిందాండి?"

ఆమెకి నాజిల్ సంగతి తెలియదు. పంపులోంచి మందు చిమ్మే మూతి అని పద్మ విడమరిచి చెప్పింది. మేడమ్ కాస్త నవ్వి, "సరే, అలాగే అనుకోండి. బయటికి పోయే దారి లేని ట్యాంకులో రోజూ ఒక గ్లాసు పోశారు. అందరికీ ఒక గ్లాసే, మీకు మాత్రం ట్యాంకు నిండిపోయింది" అంది.

ఇన్నాళ్ళూ నా భయం కాదన్నమాట. ఆ మాట వినగానే తేలికపడాలి. పడలేదు. నేను అడిగింది ఒకటే.

"మా అక్కకి కూడా ఇదేనా మేడమ్?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆ బిగుసుకుపోవడం ఈ తేడా లేనివాళ్ళకీ వస్తుంది. ఈ తేడా ఉన్న జీన్ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఇలా అవుతుంది. మీకు వచ్చింది కాబట్టి ఆమెకీ వచ్చుండే అవకాశం ఉంది. కాని ఆమె రక్తం మన దగ్గర లేదు కదా."

లేదు. అక్కది ఒక ఫోటో ఉంది, పెళ్ళిది. దాన్ని ఏ ల్యాబుకి పంపాలి?

మేడమ్ ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ టెస్టు మీకు ఏ మందు పనిచేస్తుందో చెప్పదు. ఏది మీ ఒంట్లో పేరుకుపోతుందో చెబుతుంది, అంతే. మిగతాది ఓపిక." సెర్ట్రలిన్ అని, ఆ ఎంజైమ్ మీద పెద్దగా ఆధారపడనిది, తక్కువ డోసుతో మొదలుపెట్టింది. కడుపులో తిప్పేది, అంతకుమించి ఏమీ కాలేదు. కాని మంచీ కాలేదు. వారాలు పోయాయి. టెస్టు పాసై పరీక్ష తప్పానురా భగవంతుడా అనుకున్నాను. మళ్ళీ గోడ వైపు తిరిగాను. ఫోను చేస్తే మేడమ్ కొంచెం పెంచింది, తర్వాత ఇంకొంచెం. ఈసారి పెంచింది ఆమె. నేనూ కోటయ్యా కాదు.

ఒకరోజు మధ్యాహ్నం గోంగూర పచ్చడిలో పండుమిరపకాయ నాలుక మీద మండింది. ఎన్నాళ్ళకో కారం తెలిసింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. పద్మ ఏడుస్తున్నాననుకుని పరిగెత్తుకొచ్చింది. కారమే అని చెప్పాను. అప్పుడు తను ఏడ్చింది.

అలాగని బాగైపోయానని రాయలేను. కొట్టు తెరుస్తున్నాను. కొన్ని రోజులు షట్టరు సగమే పైకి లేస్తుంది. నాదీ అంతే. జోకులు వస్తున్నాయి కాని ముందులా పరిగెత్తుకుంటూ రావు, అడిగితే వస్తాయి. మాత్ర వదల్లేదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికైనా సరే, ముందు ఆ రిపోర్టు నకలు చూపిస్తాను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. టెస్టు మీకు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఖర్చు లేని టెస్టు ఒకటుంది. మీ ఇంట్లో, మీ రక్తంలో, ఎవరికి ఏ మాత్ర పడలేదో, ఏమైందో గుర్తు చేసుకుని, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. పోయినవాళ్ళ సంగతి కూడా. విషజ్వరం అని చెప్పకండి.

ఇప్పటికీ ఒక్క మాటకి మాత్రం నాకు జవాబు దొరకలేదు. అది జబ్బు వల్ల కాదు. నాకు కాస్త నోరు లేచిన రోజుల్లో ఒకనాడు అమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయలు ఏరుతోంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అన్న సంగతి ఆమెకి చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. ఆమెని నవ్వించాలని అన్నాను:

"చూశావా అమ్మా, మన వంశంలో విమానమెక్కింది నా రక్తమొక్కటే. నన్నేమో బస్సులో పంపారు!"

అమ్మ తలెత్తలేదు. తాలుకాయ ఒకటి తీసి పక్కన పడేసి అంది:

"ఎక్కిందిలేరా నీ రక్తం. వచ్చేటప్పుడు మీ అక్కని తీసుకురాలేదుగా."