ఇద్దరి సంతకాలు

2022లో నేను పటాన్‌చెరులోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో రిలేషన్‌షిప్ మేనేజర్‌గా పనిచేసేదాన్ని. పేరు పెద్దదే గానీ పని చెప్పడం తేలికే. కొందరు ఖాతాదారులను బ్యాంకు మాకు అప్పగిస్తుంది. ఏ అవసరం వచ్చినా వాళ్లు కౌంటర్ల చుట్టూ తిరగకుండా నేరుగా మా దగ్గరికే వస్తారు. ఏడాది తిరిగేసరికి వాళ్లింటి సంగతులు కూడా మనకు తెలిసిపోతాయి.

అలా నాకు దగ్గరైనవాళ్లు నర్సింహారెడ్డి, రాంరెడ్డి అన్నదమ్ములు. వాళ్లది ముత్తంగి పక్క ఊరు. గోదాముల కోసం పొలంలో కొంత అమ్మగా వచ్చిన డబ్బును ఇద్దరి పేరునా ఒకే ఖాతాలో వేసుకున్నారు. అన్న మిగిలిన పొలం చూసుకునేవాడు, తమ్ముడు బొల్లారంలో మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగి. ఎప్పుడొచ్చినా ఒకే బండి మీద వచ్చేవారు. ఖాతాను 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో తెరిచాం. అంటే ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా డబ్బు తీసుకోవచ్చు, ఒకరు పోతే మిగిలినవారికి చెందుతుంది. ఇద్దరి సంతకాలూ ఉండాలని పెట్టుకుంటారా అని ఆ రోజు అడిగితే, ఒక్క ఇంటికి రెండు తాళాలెందుకు బిడ్డా అని పెద్దాయన నవ్వాడు.

ఒక మధ్యాహ్నం రాంరెడ్డి ఒక్కడే వచ్చాడు. కిష్టారెడ్డిపేటలో అన్న తనకు చెప్పకుండా ఒక ప్లాటు కొనడానికి బయానాగా కొంత డబ్బు ముందే ఇచ్చాడని, ఆ మాట బయటివాళ్ల నోట విన్నానని చెప్పాడు. ఖాతా ఆపేయమన్నాడు. ఒకసారి అన్నతో మాట్లాడి రమ్మన్నాను.

"మీరు బ్యాంకోళ్లా, పంచాయితీ పెద్దమనుషులా మేడం?" అన్నాడు.

అతనిది న్యాయమైన ప్రశ్నే. ఖాతాదారుల్లో ఒకరు రాసిస్తే మేం డెబిట్ ఫ్రీజ్ పెట్టాలి, అంటే డబ్బు బయటికి పోకుండా ఆపాలి. మళ్లీ తెరవాలంటే మాత్రం ఇద్దరూ సంతకం చేయాలి. ఫ్రీజ్ పెట్టాను.

వారం లోపే ప్లాటు కోసం నర్సింహారెడ్డి ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. ఆయన బ్రాంచికి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. కోప్పడలేదు.

"ఒక్క మాట నాతోని అంటే నేనే ఆగుతుంటి గద బిడ్డా."

ప్లాటు ఎవరి పేరున కొనబోయాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎవరిది తప్పో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరుగా ఫోన్ చేసి, అవతలివాడు వచ్చాడా అని అడిగేవారు. ఇద్దరినీ ఒకే రోజు రమ్మని చాలాసార్లు పిలిచాను. ఒకరొస్తే ఒకరు రాలేదు.

చలికాలంలో పెద్దాయనకు గుండెపోటు వచ్చి సంగారెడ్డిలో ఆస్పత్రిలో చేర్చారు. ఆ సంగతి నాకు చెప్పింది రాంరెడ్డే. షిఫ్టు దిగి యూనిఫాంలోనే బ్రాంచికి వచ్చి, ఫ్రీజ్ తీసేయమని తన సంతకం పెట్టేశాడు. కదలలేని ఖాతాదారు దగ్గరికి బ్యాంకు అధికారే వెళ్లి సంతకం తీసుకునే వీలుంది. మేనేజర్‌కు చెప్పి బయల్దేరాను. నా వెనకే అతనూ బండి మీద వచ్చాడు.

భార్య ఆనించి కూర్చోబెడితే పెద్దాయన వంకరగా సంతకం చేశాడు.

"తమ్ముడు పెట్టిండా?"

"పెట్టిండు. బయటనే ఉన్నడు," అన్నాను.

"జెర లోపలికి రమ్మను."

రాంరెడ్డి మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. అన్న పిలుస్తున్నాడని చెప్పినా లేవలేదు.

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె మేడం? అన్న ఇంటికొచ్చినంక నేనే పోయి మాట్లాడుత."

మళ్లీ అడిగాను. తల అడ్డంగా ఊపాడు. లోపలికి వెళ్లి, వస్తానన్నాడని మాత్రం చెప్పాను. పెద్దాయన తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.

సాయంత్రానికల్లా ఫ్రీజ్ తొలగింది. వైద్యానికి లోటేమీ జరగలేదు. కానీ ఆయన ఇంటికి రాలేదు.

కొన్ని వారాలకు రాంరెడ్డి అన్న మరణ ధ్రువపత్రం తీసుకుని వచ్చాడు. నిబంధన ప్రకారం ఖాతా ఇక అతనిదే. సగం వదిన పేరుకు మార్చమన్నాడు. పని ముగిశాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

"మీరు పిలిచినప్పుడు లేవాల్సి ఉండె మేడం," అన్నాడు.

ఆ రోజు నేను ఇంకాసేపు బతిమాలి ఉంటే లేచేవాడేమో.

ఇప్పుడు కూడా ఎవరైనా జాయింట్ ఖాతా ఆపమని వస్తే వెంటనే ఆపుతాను. అది వాళ్ల హక్కు. ఆ తర్వాత మాత్రం, రెండో వారికి ఫోన్ కలపమంటారా అని అడుగుతాను. మీకెందుకని కొందరు కసురుకుంటారు. కసురుకోనిస్తాను. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు ఫోన్ అందుకుంటారు. అప్పుడు మంచినీళ్ల వంకతో నేను లేచి బయటికి వెళ్తాను.