స్వాలోకు రెండో అర్థం

మా ఇంగ్లీషు సారు పోయారని మంగళవారం పొద్దున జనగామ నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "బాపు పోయిండు కాకా. నిన్నటిసంది నీళ్లు గూడ దిగలే" అంది. మూడు నెలలుగా ఆయనకు గొంతు సరిగా పనిచేయడం లేదు. మాట కూడా పోయింది. స్వాలో చేయడం కష్టమని డాక్టరు ఇంగ్లీషులో రాసిన దవాఖాన కాగితం చదివి, సారు నవ్వి ఒక వేలు ఎత్తి చూపారట. ఎందుకో డాక్టరుకు తెలియలేదు. నాకు తెలుసు. మొదటి అర్థం అని.

అరవై తొమ్మిదిలో తొర్రూరు దగ్గరి ఒక బడిలో ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. నేను కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ని. నల్లబల్లను నడిమికి సుద్దగీతతో చీల్చి, ఎడమ పక్క ఇంగ్లీషు మాట తాను రాసేవారు. కుడి పక్క తెలుగు రాయడానికి నన్ను పిలిచేవారు. "డిక్షనరీల ఉన్నది మాట, తమ్మీ. అర్థం మనోళ్ల నోట్ల ఉన్నది" అనేవారు. భాష మీద లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. ఈ ఒక్క ముక్క చెప్పడానికి వాటిలో సగం మూడొందల పేజీలు తీసుకున్నాయి.

ఆ రోజు మాట స్వాలో. సారు గ్లాసెడు నీళ్లు తెప్పించుకుని, గొంతు కదలడం పిల్లలకు కనబడేలా తలెత్తి తాగారు. "గిది మొదటిది." రెండోది, ఏడుపో మాటో గొంతుదాకా వచ్చాక బయటికి రానీయకుండా దిగమింగడం. మూడు, చెప్పిందల్లా నమ్మేయడం. నాలుగు, అవమానం పడి ఊరుకోవడం. ఐదు, ఒకరిది ఇంకొకరు కబళించడం. ఆరు, అన్నమాట వెనక్కి తీసుకోవడం. ఏడు, గుటక. ఎనిమిదోది ఒక పిట్ట. "దీనికి మింగుడుతోని సుట్టరికం లేదు. పేరు కలిసింది, గంతే."

ఐదోదానికి వాక్యం నన్ను రాయమన్నారు. మనోళ్ల కొలువులు బయటివాళ్లకు పోతున్నాయని బయట ఉద్యమం. బస్సులు సరిగ్గా నడవడం లేదు, పిల్లలు వస్తే వచ్చినట్టు. నేను ఆలోచించకుండా రాసేశాను: "మా కొలువులు మింగిండ్రు." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని, తనిఖీకి వచ్చిన అధికారి లోపలికి నడిచాడు. అప్పటికి నేను కిటికీ దగ్గరికి జరిగాను.

"మింగిండ్రు ఏమిటండీ? ఇది తెలుగేనా?"

"తెలుగే సార్. సమజైంది గనకనే గద మీకు కోపమొచ్చింది" అన్నారు సారు.

"ఎవరు రాశారిది?"

నా వేళ్లకు సుద్ద ఉంది. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇవి కారణాలే. వీటిని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నా అవి పెద్దవి కాలేదు. సారు నా చేతివంక ఒక్కసారి చూశారు.

"నేనే రాసిన."

"పొరపాటైందని ఒక్క ముక్క రాసివ్వండి. ఇంతటితో వదిలేస్తాను."

"పిల్లలకు గిప్పుడే ఆరో అర్థం చెప్పిన సార్. చెప్పుడు వరకే నా పని. చేసి చూపియ్యలేను."

వారం తిరగకముందే సారును భూపాలపల్లి అవతల అడవి ఊరికి బదిలీ చేశారు. అక్కడ బడి ఐదో తరగతితో సరి. బిడ్డను చదువుకోసం జనగామలో అమ్మమ్మ దగ్గర వదిలారు. నెలకోసారి వచ్చి చూసి పోయేవారు. రోజూ ఆయనతో చాయ్ తాగిన లెక్కల సారు, బదిలీ కాగితం వచ్చిన నాడు కుర్చీ దూరం జరుపుకున్నాడు. నిన్న సంతాప సభలో అదే పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఆ వాక్యం రాసిన చేతికి దండం" అన్నాడు. రెండో వరసలో కూర్చున్నాను. ఆ చెయ్యి నా మోకాలి మీద ఉంది.

ఎనభైల్లో ఒకసారి, ఎట్లయినా చెప్పాలనే ఆ అడవి ఊరికి వెళ్లాను. బస్సు దిగగానే ఎదురొచ్చారు. నెత్తి నెరిసింది. "సారూ, ఆనాడు బోర్డు మీద..." అని మొదలుపెట్టాను. ఆయన కరెంటు తీగల వైపు చెయ్యి చూపారు. తోక చీలిన చిన్న పిట్టలు వరసగా కూర్చున్నాయి.

"సూడు పండితా, ఎనిమిదో అర్థం! గిన్నేండ్లకు దొరికింది. బల్ల మీద పిల్లలకు చూపియ్యలేకపోతిమి."

చెప్పనీయలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. నిజానికి ఆయన ఆపినందుకు ఆ రోజు నాకు సంతోషమే అయింది.

చివరిసారి చూసింది పదిహేను రోజుల కింద. బిడ్డ రాగిజావ గిన్నె నా చేతికిచ్చి, "ఒక్కొక్క చెంచానే పొయ్యి కాకా. మింగినంక ఇంకోటి" అని లోపలికి పోయింది. చెంచా నోట్లో పెట్టాను. పెదవులు మూసుకున్నారు. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆయనకు వినబడుతుంది, చూపు నా ముఖం మీదే ఉంది. నోరు తెరిచాను. "సారూ, ఆ వాక్యం" వరకు వచ్చింది.

ఆ పైన రాలేదు.

"మింగిండా కాకా?" లోపలి నుంచి బిడ్డ అడిగింది.

జావ ఆయన నోట్లోనే ఉంది, పెదవి మూల నుంచి సన్నగా కారుతోంది. నేనే గుటక వేశాను.

సారు దుప్పటి మీద నుంచి చెయ్యి లేపారు. మెల్లగా రెండు వేళ్లు చూపారు.