వేరే ఏ లోటూ లేదు

మద్రాసు చింతాద్రిపేటలో కూవం ఏటి వైపు తిరిగే ఆ వీధిలో అర్జీ అంటే నాగలింగమే. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, కుళాయిలో మురుగు వచ్చినా, ముసలమ్మ పింఛను ఆగినా తెల్లకాగితం పట్టుకుని ఆయన అరుగెక్కాల్సిందే. పగలంతా పేపరు మండీలో గుమాస్తా పని. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద చాప పరిచి, ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో తెలుగు, అర్జీలో అరవం, కోపమొస్తే ఇంగ్లీషు. ఒక్క పైసా పుచ్చుకునేవాడు కాదు. ప్రతి అర్జీకీ కార్బన్ పెట్టి నకలు తీసి, తేదీ వేసి, ఆకుపచ్చ ఫైల్లో దాచేవాడు. రేపు సర్కారు మాట మార్చితే మన దగ్గర రుజువుండాలి అనేవాడు.

ఇంత మంచి మనిషికీ ఒక జబ్బుంది. అర్జీ చివర మెరుపులాంటి వాక్యం ఒకటి పడితే గాని ఆయనకి అన్నం సహించదు. అది చదివి ఆఫీసరు కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. నిజమా కాదా అన్నది తర్వాతి సంగతి.

తొంభై ఎనిమిదిలో ఆ అరుగు మీద రోజూ ఒకటే వాదన, ఈ దేశంలో ఉండాలా పోవాలా అని. పోస్టాఫీసులో చేసి రిటైరైన కామేశం పోవాలనేవాడు. పన్నులు కట్టడానికి మనం, తినడానికి వాళ్ళు, ఎవడైనా ఎందుకుండాలి అని ఆయన గోల. నాగలింగం ఒంటికాలి మీద లేచేవాడు. మన పన్నుతో చదువుకుని, ఆ చదువు మూటగట్టుకుని పరాయిదేశం పోవడం దొంగతనమే అనేవాడు. ఈడనే ఉండి, సొమ్మంతా ఎక్కడ తగలేశారని సర్కారును నిలదీయాలి అనేవాడు. అబ్బో, ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించేది.

అలాంటి ఒక సాయంత్రమే కోకిల వచ్చింది. పక్కింటి తాయారు కూతురు. వీధి చివరున్న సర్కారు ప్రసూతి ఆస్పత్రిలో తొమ్మిదేళ్ళుగా నర్సు. మస్కట్లో ఉద్యోగం దొరికింది, రాజీనామా ఉత్తరం రాసివ్వమంది. ఆ పిల్లకి రాయడం రాక కాదు. నాగలింగం చేత్తో రాస్తే పని జరిగి తీరుతుందని తాయారు నమ్మకం.

నాగలింగానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ దొరుకుతుందా? కలం కింద పెట్టి, నలుగురి ముందూ ఆ పిల్లని కడిగేశాడు. నీకు నర్సు చదువు చెప్పించింది ఎవరి సొమ్మనుకున్నావు అన్నాడు. ఈ వీధి ఆడవాళ్ళ కాన్పులు ఎవరు చూస్తారన్నాడు. అరబ్బుల డబ్బు కోసం కన్నతల్లిలాంటి ఆస్పత్రిని వదిలిపోతావా అన్నాడు. తాయారు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోకిల అన్నీ విన్నది.

"ఆ పచ్చ ఫైలు తియ్యండి మామా. పోయిన మార్చిలో మీరు రాసిన అర్జీ, ఒక్కసారి చదవండి."

పోయిన మార్చి అంటే అందరికీ గుర్తే. కొత్తగా గెలిచిన కౌన్సిలరు వీధికొక పని అడగమన్నాడు. ఈ అరుగు మీదే అందరూ కూడారు. కాన్పు గదికి నీళ్ళెక్కించే మోటారు కాలిపోయి ఆరు నెలలైంది, అది అడుగుదాం అంది కోకిల. ఆస్పత్రి సంగతి ఆస్పత్రివాళ్ళు చూసుకుంటారని నాగలింగమే కొట్టిపారేశాడు. పక్క వీధి మొదట్లో ఆర్చి కట్టారు, మనకి లేకపోతే తలవంపులు కాదా అన్నాడు. మగవాళ్ళంతా ఔనన్నారు. నాలుగు నెలల్లో ఆర్చి లేచింది. రాతిపలక మీద నాలుగో వరసలో నాగలింగం పేరు కూడా చెక్కారు.

తన రాత తనకి ముద్దే కదా. ఫైలు తీసి, కళ్ళజోడు సవరించుకుని, హుషారుగానే చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర గొంతు పెంచాడు కూడా. ఆర్చి ఒక్కటి తప్ప మా వీధికి వేరే ఏ లోటూ లేదని ప్రజలందరం ఏకకంఠంతో విన్నవించుకుంటున్నాము, అని.

కోకిల చేతిసంచిలోంచి మడత కాగితం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. మోటారు కావాలని ఆస్పత్రివాళ్ళు పెట్టుకున్న అర్జీకి పైనుంచి వచ్చిన జవాబు. ఆ వీధి ప్రజలే తమకు వేరే ఏ లోటూ లేదని రాసి ఇచ్చినందున మోటారు మంజూరు అవసరం లేదని తేల్చారు. ఫలానా తేదీ అర్జీ చూడుడు అని కింద వేశారు. తేదీ నాగలింగం వేసిందే.

"మూడుసార్లు అడిగినాం మామా, మూడోసారికి ఇది వచ్చింది. మొన్న అప్పుడే పుట్టిన బిడ్డ నా చేతుల్లో ఉండాది, కడిగేదానికి చుక్క నీళ్ళు లేవు. ఆస్పత్రి ఆయా బిందె ఎత్తుకుని నీళ్ళ లారీ కాడికి పరిగెత్తింది. తొమ్మిదేళ్ళు చేసినా. ఇంక నా వల్ల కాదు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాగలింగం ఏదో ఒకటి అనగలిగేవాడు. వాదనలో ఏనాడూ ఓడని కామేశం కూడా తల తిప్పుకుని వీధిలోకి చూస్తున్నాడు. నాగలింగానికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ సర్కారును నిలదీస్తున్నానని మురిసిపోయాడు. సర్కారు తప్పించుకోవడానికి కావలసిన మాట తన చేత్తోనే రాసిచ్చాడు, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆ పిల్ల మొహం చూడలేక అట్ట మీద కాగితాన్ని ఊరికే సర్దుతూ కూర్చున్నాడు.

ఆ మాట అబద్ధమని రేపే ఇంకో అర్జీ రాస్తానమ్మా, కాస్త ఆగు, అని గొణిగాడు. రాయండి, వెనకాల వచ్చేవాళ్ళకైనా పనికొస్తుంది, నా ఉత్తరం మాత్రం ఇప్పుడే కావాలి అంది కోకిల.

కలం తీశాడు. తేదీ వేశాడు. అంతవరకు చెయ్యి నడిచింది, తర్వాత ఆగిపోయింది.

"కారణం ఏమని రాసేదమ్మా?"

"నిజం రాస్తే రిలీవ్ చెయ్యరు మామా. సొంత కారణాలని రాయండి. ఈడ నాకు వేరే ఏ లోటూ లేదని రాయండి."

ఆ మాటే రాశాడు. జీవితంలో మొదటిసారి ఆయన అక్షరాలు వంకరపోయాయి. నకలు ఫైల్లో పెట్టబోతే, ఇందాక చదివి పెట్టిన ఆర్చి అర్జీయే పైన ఉంది.

అన్నట్టుగానే మర్నాడు ఇంకో అర్జీ రాశాడు, మేము రాసింది తప్పు అని. మెరుపు వాక్యం పెట్టలేదు. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఆర్చికి ఎగబడి సంతకం చేసినవాళ్ళెవరూ, మేము అబద్ధమాడామన్న కాగితం మీద చెయ్యి పెట్టలేదు. ఆ అర్జీ ఒకే ఒక్క సంతకంతో పోయింది. జవాబు రాలేదు.

కోకిల వెళ్ళిన రోజు వీధంతా ఆర్చి దాకా వచ్చి సాగనంపింది. నాగలింగం రాలేదు. అప్పట్నుంచీ మండీకి పోవాలన్నా రావాలన్నా ఆయన దారి వేరు. ముక్కు మూసుకుని కూవం గట్టు సందులోంచి చుట్టూ తిరిగి పోతాడు. ఎందుకయ్యా ఆ కంపులో అని ఎవరైనా అడిగితే, ఆ దారే దగ్గర అంటాడు.