ఆగలేని రాజకుమారుడు

ఫిబ్రవరిలో ఆర్మూరులో బస్సు దిగితే చాలు, ఎక్కడో చేలగట్టున ఉడుకుతున్న పసుపు వాసన గొంతులోకి దిగుతుంది. తడిమన్నూ కర్పూరమూ కలిపి కాచినట్టుండే ఆ ఘాటును ఊళ్లోవాళ్లు పట్టించుకోరు గానీ, నాకు మాత్రం ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు, ఎవరో పిలుస్తున్నట్టూ ఏదో ఆలస్యమైపోతున్నట్టూ ఉంటుంది. పద్నాలుగేళ్ల వయసులో, ఇలాంటి రోజుల్లోనే, నేను ప్రేమలో మతిపోయిన ఒక రాజకుమారుణ్ని అయ్యాను.

మాది ఆడపిల్లల బడి. వార్షికోత్సవానికి సావిత్రి టీచరు ఒక పాత విషాద నాటకం ఎంచుకున్నారు. అందులో రాజకుమారుడు ఏటి అవతల ఉండే పడవవాడి కూతుర్ని ప్రేమిస్తాడు. ఆమె చనిపోయిందని ఎవరో తప్పుడు కబురు చెబితే, నిజమో కాదో కనుక్కోకుండా ఏట్లో దూకేస్తాడు. అతను మునిగిన కాసేపటికే ఆమె ఎక్కిన పడవ ఒడ్డుకు చేరుతుంది. పొడుగ్గా, కాస్త బొంగురు గొంతుతో ఉండేదాన్ని కాబట్టి రాజకుమారుడి వేషం నాకొచ్చింది, పడవవాడి కూతురి వేషం నా బెంచీలోనే కూర్చునే నస్రీన్‌కు పోయింది.

మాటలు రెండు రోజుల్లో నోటికొచ్చాయి, మనిషే అంతుచిక్కలేదు. మూడంటే మూడుసార్లు చూసిన పిల్ల కోసం ప్రాణం తీసుకునేవాడి బుర్రలో ఏం నడుస్తుంది? "గానికి దిమాగ్ ఖరాబైందే, గంతే," అని నస్రీన్ తేల్చేసింది. టీచరు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నువ్వు పాఠం అప్పజెప్తున్నవ్ పద్మా. వాని పానం వాని దగ్గర లేదు. ఎదురుసూసేటోళ్లు ఎట్లుంటరో జర మంచిగ సూసి రా," అన్నారు.

చూడటానికి నాకు మా ఇంట్లోనే చిన్నత్త దొరికింది. బాపుకు చెల్లెలు, పేరు యశోద, డిగ్రీ అయిపోయి సంబంధాల కోసం ఇంట్లో ఉంటోంది. అంతకుముందు వానాకాలంలో పొయ్యి ముందు కూర్చుని అందరికీ మక్క గారెలు వేడివేడిగా వేసిపెడుతూ, వర్సైనవాళ్లందరినీ ఆటపట్టిస్తూ ఉండే మనిషి, ఆ చలికాలం వచ్చేసరికి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది, జడ సగం అల్లి లేచిపోయేది, ఎవరూ ఏమీ అడక్కముందే "ఏం లేదు" అనేది. రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడైతే చేతిలో చాట అలాగే పట్టుకుని గేటు దాకా వెళ్లి, అది మలుపు తిరిగి పోయేవరకూ చూసి, వెనక్కి వస్తూ కొంగు అంచును చూపుడువేలికి చుట్టుకునేది. వేలికొస తెల్లబడేదాకా బిగించి వదిలేసేది, మళ్లీ చుట్టుకునేది. ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. దొరికింది కదా అని దొంగిలించాను. ఆ నడక, ఆ మెడ తిప్పడం, ఆ వేలు, అన్నీ తీసుకెళ్లి రాజకుమారుడికి తొడిగాను.

వార్షికోత్సవం నాడు ఎండ వాలుతుండగా నాటకం మొదలైంది. ముందు వరసలో అమ్మ, బాపు, వక్క నములుతూ అవ్వ, ఆమె పక్కన చిన్నత్త. నేను ఏటి ఒడ్డున అటూ ఇటూ తిరిగాను, చప్పుడైన ప్రతిసారీ మెడ తిప్పాను, కండువా అంచు వేలికి చుట్టుకుని బిగించి వదిలాను. అప్పుడు చూశాను, అవ్వ నోరు ఆగిపోయింది. ఆమె చూపు నా మీద లేదు, మెల్లగా పక్కకు తిరిగింది. అక్కడ చిన్నత్త, ఒళ్లు మరిచిపోయి, తన కొంగును తన వేలికి చుట్టుకుంటోంది.

ఇద్దరు పిల్లలు పట్టుకున్న నీలం చీరలోకి దూకి నేను చచ్చిపోయాను. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి, నేను మాత్రం చీర కిందినుంచి అవ్వ మొహమే చూస్తున్నాను.

ఇంటికొచ్చాక అవ్వ చెప్పులు కూడా విడవలేదు. "ఎవడే?" అంది.

చిన్నత్త బుకాయించలేదు. "గంగాధర్. పోయినేడు వేల్పూర్ కెల్లి మన పసుపు ఉడకవెట్టనీకి ట్రాక్టరుకు కట్టుకొని మిషిన్ తెచ్చిండు గద, గాయిన. గీ యేడు వచ్చి అన్నతోని మాట్లాడుత అన్నడు."

"నా చెల్లెను మిషినోనికిస్తనా?" అని బాపు కేకలేశాడు. మర్నాడే వేరే ఊరి నుంచి మిషిను మాట్లాడాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆయన జేబులోనే ఉండేది. వారం తిరక్కుండా కమ్మర్‌పల్లి నుంచి మా మామ ఒకాయన వచ్చి, గంగాధర్‌కు సంబంధం ఖాయమైందని, చాయ్ తాగుతూ, వాన పడిందన్నంత తేలిగ్గా చెప్పిపోయాడు.

ఆ పూట చిన్నత్త గోడకు ఆనుకుని కదలకుండా కూర్చుంది. నెలరోజులు నేను ఆ రాజకుమారుడి మనసులో కాపురమున్నాను, అక్కడ ఏముంటుందో నాకు తెలుసు. దాంట్లో రేపు అనేది ఉండదు. కబురు విన్న క్షణానికీ ఏటికీ మధ్య నాలుగడుగులే ఉంటాయి. ఆమె పెరట్లోకి వెళితే వెనకే వెళ్లాను, బావి దగ్గరికి వెళితే చెయ్యి పట్టుకున్నాను. అసలు ఇదంతా నా వల్లేనని ఏడ్చేశాను.

తెల్లారి బాపు చేనుకు పోయాక ఆమె తల దువ్వుకుని, జడ పూర్తిగా అల్లుకుని, "నడు," అంది.

"యాడికత్తా?"

"వేల్పూర్. నిజమో అబద్ధమో అడిగొస్త. గా నీ రాజకుమారుని లెక్క అడగకుంట దుంకుతననుకున్నవా?"

పసుపు బస్తాల మధ్య ఇరుక్కుని షేర్ ఆటోలో వెళ్లాం. గంగాధర్ వాకిట్లో మిషిను కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో పైపు వదిలేశాడు, నీళ్లు మా కాళ్ల దాకా పారాయి.

"పెండ్లి ఖాయమైందట. నిజమేనా?" అంది చిన్నత్త.

అతను అరుగు మీదున్న తల్లి వంక చూశాడు. "అమ్మ మాటిచ్చింది."

"అమ్మ సంగతి అడుగుతలేను. నువ్వేమన్నవ్?"

అతను తల దించుకున్నాడు. చిన్నత్త ఆ తల్లినే మంచినీళ్లు అడిగి, చెంబెడూ తాగి, వెనుదిరిగింది. ఇంట్లో అడుగుపెట్టి మా అమ్మతో, "ఆకలైతుంది వదినె, అన్నం పెట్టు," అంది. మూడో ముద్దకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ కంచం ఖాళీ చేసింది. బాపు గుమ్మంలో నిలబడి చూసి బయటికి వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలమే ఆమె నర్సింగ్‌లో చేరతానంటే ఎవరూ అడ్డుచెప్పలేదు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక దవాఖానలో పనిచేస్తోంది. తనకు నచ్చిన మనిషినే, తనే అడిగి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. మేం నాటకం వేసిన చోట ఇప్పుడు కొత్త గదులు లేచాయి. సావిత్రి టీచరు లేరు. ఆ బడిలో నాటకాలు వేయడమే మానేశారట. రాజకుమారుడి మాటలు ఒక్కటంటే ఒక్కటి నాకు గుర్తు లేదు.

మొన్న ఆమె ఇంటికి వెళ్లినప్పుడు, ఇన్నేళ్లూ దాచుకున్నది అనేశాను. "గా రోజు నేను గట్ల చేయకపోతే నీ సంగతి ఎవ్వరికి తెల్వకపోవు అత్తా. మాఫ్ చెయ్యి."

"పిచ్చిపోరి. నువ్వు చేయకపోతే ఇంకో రెండేండ్లు గా గేటు కాడనే నిలవడుదును," అని నవ్వి, డ్యూటీకి టైమవుతోందని బ్యాగు సర్దుకుంటూ చటుక్కున ఆగింది. "అవునే, గాయిన మొఖం నీకు యాదికున్నదా?"

ఎంత ఆలోచించినా పారుతున్న నీళ్లే కనిపించాయి. లేదన్నాను.

"నాకు గూడ యాదికొస్తలేదు," అంది చిన్నత్త ఆశ్చర్యంగా, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగుతూ.